మెలనోమా, నాలుగేళ్ళ రక్తపరీక్షలు, ఒక గ్రాఫు నోట్‌బుక్

ఈ కేసు రాయమని మా జూనియర్లు చాలా రోజులుగా అడుగుతున్నారు. రాయకపోవడానికి బద్ధకం ఒక కారణం. ఇందులో నేను చేసిన పొరపాటు ఒకటి ఉండటం రెండో కారణం, అసలు కారణం అదేనని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను. పేషెంటును అడిగే రాస్తున్నాను. "రాయండి, కానీ నా గ్రాఫుల సంగతి కూడా రాయాలి" అన్నారావిడ. ఆవిణ్ణి గుర్తుపట్టే వివరాలు మార్చాను.

మొదటిసారి వచ్చినప్పుడు ఆవిడకి 56 ఏళ్ళు. లెక్కల టీచరు. ఎడమ మడమ మీద నల్లటి మచ్చ, ఎనిమిది నెలలుగా పెరుగుతోంది. మొదట ముల్లు గుచ్చుకుని రక్తం గడ్డకట్టిందనుకున్నారట, తర్వాత ఎవరో ఆనెకాయ అని చెప్తే దానికి పట్టీలు వేశారు, అది చిట్లి చెమ్మ కారడం మొదలయ్యాక గానీ మా దాకా రాలేదు. వస్తూ వస్తూ ఒక ఫైలు తెచ్చారు. అందులో ఫుల్ బాడీ చెకప్ రిపోర్టు, దాని చివరి పేజీలో "క్యాన్సర్ మార్కర్లు" అని నాలుగు పేర్లు, నాలుగూ నార్మల్. వాళ్ళబ్బాయి ఆ పేజీ నా ముందు పెట్టి, "సర్, రక్తంలో క్యాన్సర్ లేదని వచ్చింది కదా, మళ్ళీ ముక్క తీసి చూడటం ఎందుకు?" అన్నాడు.

ఆ నాలుగూ ఏమిటంటే సీఈఏ, ఏఎఫ్‌పీ, సీఏ 125, సీఏ 19-9. ఒకటి ప్రధానంగా పెద్దపేగు క్యాన్సర్‌కి, ఒకటి కాలేయానికి, ఒకటి అండాశయానికి, ఒకటి క్లోమానికి వాడేవి, వాటిలో కూడా ఎక్కువ భాగం జబ్బు తెలిసిన తర్వాత దాన్ని గమనించడానికే. చర్మానికి రంగునిచ్చే మెలనోసైట్ కణాలతో, అంటే మెలనోమా అనే చర్మ క్యాన్సర్ పుట్టే కణాలతో, వాటికి సంబంధం లేదు. మెలనోమా కోసం అవి చేయించడం, పక్కింటి కరెంటు మీటరు చూసి మన బిల్లు ఎంతో చెప్పడం లాంటిది. ఈ మాట అప్పుడు కొంచెం విసురుగానే అన్నాను, ఆ అబ్బాయి ముఖం చిన్నబోయింది. తప్పు అతనిది కాదు, ఆ పేజీకి అలాంటి పేరు పెట్టినవాళ్ళది.

ముందే చెప్పేస్తాను: మచ్చ మెలనోమానా కాదా అని తేల్చే రక్తపరీక్ష ఈ రోజుకీ లేదు. కన్ను, డెర్మటోస్కోపు (చర్మాన్ని పెద్దదిగా చూపే భూతద్దం లాంటిది), బయాప్సీ, అంతే. తొలిదశ మెలనోమా చాలాసార్లు ఒక మిల్లీమీటరు మందం కూడా ఉండదు, దాన్నుంచి రక్తంలోకి రాలిపడేది దాదాపు శూన్యం. మిగతా రెండు సాధారణ చర్మ క్యాన్సర్లు, బేసల్ సెల్, స్క్వామస్ సెల్, వీటికి కూడా రోజువారీ వాడకంలో రక్తమార్కరు ఏదీ లేదు. ఒక్క మెర్కెల్ సెల్ కార్సినోమా మాత్రం కొంచెం వేరు. 2008లో దానికి కారణమైన పాలియోమా వైరస్ బయటపడింది, ఆ వైరస్ ప్రోటీన్ల మీద శరీరం తయారుచేసే యాంటీబాడీలు దాదాపు సగంమంది పేషెంట్లలో దొరుకుతాయి, చికిత్స తర్వాత అవి మళ్ళీ పెరిగితే జబ్బు తిరగబెట్టిందేమోనని వెతుకుతాం. అది అరుదైన జబ్బు, మన కేసు అది కాదు.

బయాప్సీలో యాక్రల్ లెంటిజినస్ మెలనోమా అని వచ్చింది, అంటే అరికాళ్ళు, అరిచేతులు, గోళ్ళ కింద వచ్చే రకం. బ్రెస్లో మందం, అంటే కణితి చర్మంలోకి దిగిన లోతు, 3.4 మిల్లీమీటర్లు, పైన పుండు. సెంటినెల్ లింఫ్ నోడ్ (కణితి నుంచి కణాలు మొదట చేరే గ్రంథి) ఒకటి పాజిటివ్, అదీ మైక్రోస్కోపులో మాత్రమే కనబడేంత. అన్నీ కలిపితే స్టేజ్ 3సీ. కణితి ముక్క మీద జన్యుపరీక్ష చేయిస్తే బీరాఫ్ అనే జన్యువులో వీ600ఈ అనే మార్పు ఉందని వచ్చింది. మామూలు చర్మపు మెలనోమాల్లో దాదాపు సగంలో ఉండే ఈ మార్పు అరికాలి రకంలో చాలా తక్కువ, కాబట్టి ఒకటికి రెండుసార్లు చూసుకున్నాం. ఉంది. కేసు మొత్తం ఆ ఒక్క అక్షరం మార్పు మీదే నడిచింది: చికిత్సా దాన్ని బట్టే, రక్తంలో వెతికిందీ దాన్నే.

మేం గమనించిన మార్కర్లు మూడు. వాటి గురించి కాస్త ఓపిగ్గా చదవండి, తర్వాతి కథ అర్థం కావాలంటే తప్పదు.

మొదటిది ఎల్‌డీహెచ్. ఇది ప్రతి కణంలోనూ ఉండే ఎంజైము, కణం చస్తే బయటికి వస్తుంది. క్యాన్సర్ కణాలు ఆక్సిజన్ ఉన్నా సరే గ్లూకోజును లాక్టేటుగా మార్చుకుంటూ బతుకుతాయి, ఆ పనిలో ఈ ఎంజైము ఎక్కువ కావాలి. మెలనోమా శరీరంలో పాకినప్పుడు స్టేజింగ్‌లో అధికారికంగా చోటున్న ఏకైక రక్తపరీక్ష ఇదే: క్యాన్సర్ దశలు ఎలా రాయాలో చెప్పే ఏజేసీసీ పుస్తకం ఎనిమిదో ఎడిషన్‌లో ఎం1 (దూరపు భాగాలకి పాకింది అని అర్థం) తర్వాత బ్రాకెట్లో 0 అని రాస్తే ఎల్‌డీహెచ్ నార్మల్, 1 అని రాస్తే ఎక్కువ. చవకైనది, ఎక్కడైనా దొరుకుతుంది. కానీ గుండెపోటుకీ పెరుగుతుంది, కాలేయం వాచినా పెరుగుతుంది, ఒళ్ళు హూనమయ్యేలా వ్యాయామం చేసినా పెరుగుతుంది. గొడవంతా అక్కడే.

రెండోది ఎస్100బీ. మెలనోసైట్లలో ఉండే ప్రోటీను, అయితే మెదడులోని గ్లియల్ కణాల్లో, కొవ్వు కణాల్లో కూడా ఉంటుంది. అందుకే తలకి దెబ్బ తగిలినా పెరుగుతుంది. చాలా ల్యాబుల్లో లీటరుకి 0.1 మైక్రోగ్రాము చుట్టుపక్కల గీత గీస్తారు. జర్మనీ, స్విట్జర్లాండ్‌లలో ఫాలోఅప్‌లో దీన్ని వాడే అలవాటు ఉంది, అమెరికా వాళ్ళ ఎన్‌సీసీఎన్ మార్గదర్శకాలు మాత్రం లక్షణాలు లేనివాళ్ళకి రక్తపరీక్షలు రొటీన్‌గా చేయించమనవు. నేను మధ్యలో ఉంటాను, ట్రెండు కోసం చేయిస్తాను గానీ ఒక్క అంకెను నమ్మను.

మూడోది సీటీడీఎన్‌ఏ, అంటే కణితి నుంచి రక్తంలోకి రాలే డీఎన్‌ఏ తునకలు. రక్తంలో కణాల బయట డీఎన్‌ఏ తిరుగుతుందన్న సంగతి 1948లోనే ఫ్రాన్సులో మాండెల్, మెటే అనే ఇద్దరు రాశారు, దాన్ని పట్టించుకోవడానికి మనకి దశాబ్దాలు పట్టింది. ఆరోగ్యంగా ఉన్న మనిషిలో కూడా ఈ తునకలు ఉంటాయి, ఎక్కువ భాగం చచ్చిన తెల్లకణాలవి. ఆ గుంపులోంచి బీరాఫ్ మార్పు ఉన్న తునకలను మాత్రం డ్రాప్లెట్ డిజిటల్ పీసీఆర్ అనే పద్ధతిలో ఒక్కొక్కటిగా లెక్కపెడతాం. దీని గొప్పతనం ఏమిటంటే ఇది మిగతా రెండిట్లా మామూలు కణాల్లోనూ ఉండేది కాదు, ఆవిడ కణితిలో మాత్రమే ఉన్న అక్షరదోషం. ఇంకొకటి, రక్తంలోకి వచ్చిన తునక సగం కరిగిపోవడానికి రెండు గంటలు పట్టదు. కాబట్టి రిపోర్టులో ఉన్నది పోయిన నెల సంగతి కాదు, రక్తం తీసిన పూట సంగతి.

లోపం కూడా చెప్పాలి. పది మిల్లీలీటర్ల రక్తం తీస్తే నాలుగు మిల్లీలీటర్ల ప్లాస్మా వస్తుంది. మిల్లీలీటరుకి ఐదు కాపీలు ఉంటే ఆ ట్యూబులో మొత్తం ఇరవై. మిల్లీలీటరుకి 0.2 ఉంటే? సగటున ఒక కాపీ కూడా రాదు. అప్పుడు రిపోర్టులో "కనబడలేదు" అని వస్తుంది, అది నిజమే, కానీ చెరువులో ఒక్క చెంబు ముంచి చేపలు లేవని తేల్చినంత నిజం.

ఇక కేసులోకి. ఆపరేషన్ అయిన ఆరు వారాలకి మొదటి సీటీడీఎన్‌ఏ తీశాం. వెంటనే తీయకపోవడానికి కారణం, కత్తి పడ్డాక గాయపడిన మామూలు కణాల డీఎన్‌ఏ రక్తంలో కుప్పలుగా ఉంటుంది, దానిలో మనకి కావాల్సింది దొరకదు. రిపోర్టు: కనబడలేదు. ఎల్‌డీహెచ్ 190, మా ల్యాబు పైగీత 240. ఎస్100బీ 0.05. డాబ్రాఫెనిబ్, ట్రమెటినిబ్ మాత్రలు ఏడాదిపాటు మొదలుపెట్టాం. స్టేజ్ 3 బీరాఫ్ పేషెంట్లకి కాంబీ-ఏడీ అనే ట్రయల్ తర్వాత 2018 నుంచి ఇది ఆమోదంలో ఉంది. ఆ ట్రయల్లో దాచిన రక్తనమూనాలను తర్వాత పరీక్షిస్తే, ఆపరేషన్ తర్వాత కూడా రక్తంలో కణితి డీఎన్‌ఏ మిగిలినవాళ్ళలో ఎక్కువమందికి జబ్బు తిరగబెట్టింది. అయితే కనబడనివాళ్ళలో కూడా కొందరికి తిరగబెట్టింది, ఈ రెండో వాక్యాన్ని అందరూ మర్చిపోతారు, నాతో సహా.

నోట్‌బుక్ మొదలైంది అప్పుడే. ఆవిడ ఒక గ్రాఫు పుస్తకం కొని, ప్రతి రిపోర్టునూ అందులో ఎక్కించేవారు. ఎక్స్ గీత మీద నెలలు, వై గీత మీద విలువ, ఎల్‌డీహెచ్ నీలం పెన్ను, ఎస్100బీ ఎరుపు, సీటీడీఎన్‌ఏ పెన్సిలు. పెన్సిలు ఎందుకని అడిగితే, "ఇంకా సున్నా మీదే ఉంది కదండీ, అక్కడే ఉంటే చెరిపేయొచ్చు" అన్నారు. గుండ్రటి చేతిరాత, ప్రతి అంకె కింద తారీఖు. కన్సల్టేషన్‌లో నా కంప్యూటర్ కన్నా ఆ పుస్తకమే ఎక్కువ చూసేవాణ్ణి.

నాలుగో నెలలో మొదటి టెన్షన్. ఎల్‌డీహెచ్ 412. రిపోర్టు ఫోన్‌కి నేరుగా వెళ్ళిపోతుంది కదా, నేను చూసేలోపే వాళ్ళబ్బాయి ఎనిమిది సార్లు ఫోన్ చేశాడు. నెట్‌లో వెతికాడట, "ఎల్‌డీహెచ్ పెరిగితే మెలనోమా పాకినట్టు" అని చదివాడట. మిగతావన్నీ మామూలుగా ఉన్నాయి, సీకే కూడా (ట్రమెటినిబ్ కండరాలను ఇబ్బంది పెట్టి దాన్ని పెంచుతుంది, అందుకని చూస్తాం). అనుమానం వచ్చి ల్యాబుకి ఫోన్ చేస్తే, నమూనా ఎర్రగా ఉందని, హీమోలైజ్ అయిందని తేలింది. ఎర్రకణాల నిండా ఎల్‌డీహెచ్ ఉంటుంది, సూది సన్నదై సిరంజి గట్టిగా లాగినా, ట్యూబును గిలక్కొట్టినా అవి పగిలి అదంతా సీరంలోకి వచ్చేస్తుంది. రిపోర్టు కింద చిన్న అక్షరాల్లో ఆ మాట ఉంది కూడా, ఎవరూ చదవలేదు. మర్నాడు మళ్ళీ తీస్తే 205. ఆవిడ నోట్‌బుక్‌లో 412 చుక్క చుట్టూ సున్నా చుట్టి "ఇది నాది కాదు, సూదిది" అని రాసుకున్నారు.

మాత్రలు ఏడాది పూర్తయ్యాయి, జ్వరాలు అప్పుడప్పుడు వచ్చాయి, డాబ్రాఫెనిబ్‌తో అది మామూలే. ఈ మధ్యలో చెప్పుకోదగ్గది ఏమీ లేదు.

ఆపరేషన్ అయిన 22వ నెల. సీటీడీఎన్‌ఏ మిల్లీలీటరుకి 5 కాపీలు. మొత్తం తునకల్లో వీటి వాటా 0.33 శాతం. ఎల్‌డీహెచ్ నార్మల్, ఎస్100బీ నార్మల్, పెట్ సీటీ శుభ్రం. మొదటిసారి పెన్సిలు గీత సున్నా వదిలి పైకి లేచింది.

ఏం చేయాలి? స్కాన్లో కనబడని జబ్బుకి, ఇరవై తునకలు చూసి, కాలేయాన్నీ పేగునీ థైరాయిడ్‌నీ దెబ్బతీయగల మందులు మొదలుపెట్టాలా? ముందుగా మొదలుపెడితే పేషెంటుకి లాభమని గట్టిగా తేలలేదు. ట్యూమర్ బోర్డులో, అంటే కేసులు చర్చించే డాక్టర్ల సమావేశంలో, ఇద్దరు మొదలుపెట్టమన్నారు, ముగ్గురు ఆగమన్నారు. ఆగాం, నాలుగు వారాల్లో మళ్ళీ తీద్దామనుకున్నాం.

ఆ రెండో నమూనా దగ్గర ఒక తమాషా జరిగింది. రిపోర్టు మొదటి పేజీలో పెద్దక్షరాల్లో 0.2 శాతం అని ఉంది. 0.33 నుంచి 0.2కి దిగింది, అందరూ ఊపిరి పీల్చుకున్నారు. రెండో పేజీలో కాపీల సంఖ్య చూస్తే 19. వాటా తగ్గి, సంఖ్య నాలుగింతలైంది! ఎలా అంటే, రక్తం సాయంత్రం మామూలు ఈడీటీఏ (రక్తం గడ్డకట్టకుండా చూసే మందు) ట్యూబులో తీశారు, మర్నాడు మధ్యాహ్నం దాకా అది ప్లాస్మాను వేరుచేసే సెంట్రిఫ్యూజ్ మొహం చూడలేదు. ఈడీటీఏ ట్యూబులో తీస్తే నాలుగు నుంచి ఆరు గంటల్లోపు ప్లాస్మా వేరు చేసేయాలి. ఆలస్యమైతే తెల్లకణాలు ట్యూబులోనే చచ్చి వాటి మామూలు డీఎన్‌ఏ కుమ్మరిస్తాయి, కింది సంఖ్య ఉబ్బిపోయి శాతం పడిపోతుంది. పాలలో నీళ్ళు కలిపినట్టే. తెల్లకణాలను కొన్ని రోజులపాటు చెదరకుండా ఉంచే ప్రత్యేకమైన ట్యూబులు ఉన్నాయి, వాటిలో మళ్ళీ తీయిస్తే 21 కాపీలు, 1.3 శాతం. అప్పటినుంచి మా ఫారంలో శాతం పక్కన కాపీల సంఖ్యా, రక్తం తీసిన టైమూ, సెంట్రిఫ్యూజ్‌లో పెట్టిన టైమూ రాయకపోతే నేను రిపోర్టు ఒప్పుకోను. దీనికి గడ్డకట్టిన రక్తంలోంచి తీసే సీరం కూడా పనికిరాదు, కారణం అదే, గడ్డ కట్టేటప్పుడు తెల్లకణాలు పగులుతాయి.

టీచరు గారు ఆ రోజు ఒక మాటన్నారు: "హారం పెరిగితే భిన్నం తగ్గుతుంది, ఇది ఆరో క్లాసు లెక్క కదండీ." నిజమే, కానీ గదిలో ఉన్న ముగ్గురు డాక్టర్లలో ఇద్దరం మొదటి పేజీ చూసి సంతోషించాం.

25వ నెలలో కాలేయంలో రెండు మచ్చలు కనబడ్డాయి, 14 మిల్లీమీటర్లు, 9 మిల్లీమీటర్లు. బయాప్సీలో మెలనోమానే. మెదడు ఎంఆర్ఐ శుభ్రం. సీటీడీఎన్‌ఏ 86 కాపీలు, ఎస్100బీ 0.18, ఎల్‌డీహెచ్ ఇంకా 220, అంటే ఎం1సీ (కాలేయం లాంటి లోపలి అవయవానికి పాకిన దశ), బ్రాకెట్లో 0. స్కాన్ కన్నా రక్తం మూడు నెలలు ముందు చెప్పింది. ఆ మూడు నెలలు వృథా చేశామా అని చాలామంది అడిగారు. నా జవాబు: ఆవిడకి ఆ మూడు నెలలూ మామూలు జీవితం దక్కింది, రెండు మచ్చలూ చిన్నగా ఉండగానే దొరికాయి, ఎందుకంటే పెన్సిలు గీత లేచింది కాబట్టి స్కాన్లు దగ్గర దగ్గరగా చేశాం.

రోగనిరోధక కణాలను కణితి మీదకి ఉసిగొల్పే ఇమ్యునోథెరపీ మందులు రెండు, ఇపిలిముమాబ్, నివోలుమాబ్, కలిపి మొదలుపెట్టాం. బీరాఫ్ ఉన్నా మాత్రలతో కాకుండా ఇమ్యునోథెరపీతో మొదలుపెడితే మంచిదని డ్రీమ్‌సెక్ ట్రయల్ చూపించింది, రెండేళ్ళకి 71.8 శాతం మంది బతికున్నారు, మాత్రలతో మొదలుపెట్టినవాళ్ళలో 51.5 శాతం. ఆవిడ అప్పటికే మాత్రలు ఒక ఏడాది వాడారు కాబట్టి ఆ ట్రయల్ మనిషి అచ్చంగా కాదు, అయినా నిర్ణయం అటే మొగ్గింది.

మూడో డోసు తర్వాత ఏఎల్‌టీ (కాలేయం దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎంజైము) మామూలుకి ఆరు రెట్లు. మందు వల్ల వచ్చిన హెపటైటిస్. నాలుగో డోసు ఆపి, కిలోకి ఒక మిల్లీగ్రాము చొప్పున ప్రెడ్నిసలోన్ మొదలుపెట్టాం. అదే వారం 12 వారాల స్కాన్ వచ్చింది: 14 ఉన్నది 19 అయింది, 9 ఉన్నది 12 అయింది. ఎల్‌డీహెచ్ 340. ఎస్100బీ 0.15, అంటే అటూ ఇటూ కాని అంకె. వాళ్ళబ్బాయి ఈసారి ఫోన్ చేయలేదు, నేరుగా వచ్చి కూర్చున్నాడు, ఏమీ అడగలేదు.

కాగితం మీద చూస్తే జబ్బు పెరిగినట్టే. కానీ సీటీడీఎన్‌ఏ 86 నుంచి 3కి పడిపోయింది. కణితి నిజంగా పెరుగుతుంటే అది రాల్చే తునకలు ఇంతలా తగ్గవు. ఇమ్యునోథెరపీలో కొన్నిసార్లు రోగనిరోధక కణాలు కణితిలోకి చొరబడి దాన్ని ఉబ్బిస్తాయి, స్కాన్లో పెద్దదిగా కనబడుతుంది, లోపల చస్తూ ఉంటుంది, దీన్నే సూడోప్రోగ్రెషన్ అంటాం. ఎల్‌డీహెచ్ పెరుగుదలకి హెపటైటిస్ అనే వేరే కారణం ఎదురుగానే ఉంది. రెండు కాగితాలు ఒక వైపు, ఒకటి మధ్యలో, ఒక కాగితం ఇంకో వైపు. ఇక్కడ ఓట్ల లెక్క కాదు, ఎవరు ఏ ప్రశ్నకి జవాబు చెబుతున్నారన్నది ముఖ్యం: కణితి గురించి మాత్రమే మాట్లాడేది ఆ ఒక్కటే. మందు మార్చలేదు. ఏఎల్‌టీ దిగాక ఇపిలిముమాబ్ లేకుండా నివోలుమాబ్ ఒక్కటే కొనసాగించాం. 31వ నెల స్కాన్‌కి పెద్ద మచ్చ 8 మిల్లీమీటర్లకి తగ్గింది, చిన్నది లేదు. సీటీడీఎన్‌ఏ కనబడలేదు.

ఇలాంటి విజయం ఒకటి దొరికితే డాక్టరు పాడవుతాడు. నేను పాడయ్యాను.

ఈ దశలోనే వాళ్ళ చుట్టాలందరికీ ఈ రక్తపరీక్ష చేయించమని అడిగారు, "అంత చక్కగా చెప్తోంది కదా". ఇక్కడ వేరే రక్తపరీక్ష ఒకటి ఉదాహరణగా తీసుకుని ఒక లెక్క చెప్పాను, టీచరు గారే చాక్ పీసు లాంటిది పట్టుకుని మిగతావాళ్ళకి వివరించారు. 2018లో ఆస్ట్రేలియాలోని ఎడిత్ కోవన్ యూనివర్సిటీ వాళ్ళు పది యాంటీబాడీలతో తొలిదశ మెలనోమాను పట్టే పరీక్ష ఒకటి ప్రచురించారు, 79 శాతం సెన్సిటివిటీ (జబ్బున్నవాళ్ళని పట్టడం), 84 శాతం స్పెసిఫిసిటీ (జబ్బు లేనివాళ్ళకి లేదని చెప్పడం). పత్రికలన్నీ గొప్పగా రాశాయి. సరే, పదివేల మందికి చేద్దాం, వాళ్ళలో పదిమందికి మెలనోమా ఉందనుకుందాం. ఎనిమిదిమంది దొరుకుతారు, ఇద్దరు తప్పిపోతారు. జబ్బు లేని 9,990 మందిలో 16 శాతం, అంటే దాదాపు 1,600 మందికి ఉత్తినే పాజిటివ్ వస్తుంది. వాళ్ళందరి ఒంటి మీదా ఏ మచ్చ కోయాలి? చుట్టాలకి చెప్పింది ఒక్కటే, అద్దం ముందు నిలబడి ఒళ్ళు చూసుకోండి, అరికాళ్ళు మర్చిపోకండి.

36 నెలలు దాటాయి. మూడు నెలలకోసారి మెదడు ఎంఆర్ఐ చేయాలన్నది మా ప్లాను. 34వ నెలలో చేసింది శుభ్రం. 37వ నెలలో చేయాల్సి ఉండగా ఆవిడ, "మూడు గీతలూ నేలకి అంటుకున్నాయి, రక్తంలో ఏమీ లేదు కదండీ, ఆ గొట్టంలో పడుకోవడం నావల్ల కాదు, ఒక్కసారికి వదిలేద్దాం" అన్నారు. ఆవిడకి ఆ ఇరుకు అంటే భయం. నేను వద్దనలేదు. "సరే, వచ్చేసారికి చూద్దాం" అన్నాను. తెలియక కాదు. మెదడుకీ రక్తానికీ మధ్య గోడ ఉందని, మెదడులో మాత్రమే ఉన్న మెలనోమా తునకలు ప్లాస్మాలోకి సరిగా రావని, అలాంటివాళ్ళలో సీటీడీఎన్‌ఏ తరచుగా నెగెటివ్ వస్తుందని జూనియర్లకి పాఠం చెప్పేవాణ్ణే. 12 వారాల స్కాన్ అప్పుడు అందరూ ఒక మాటంటే రక్తం ఇంకో మాట చెప్పి నెగ్గింది కదా, ఆ నమ్మకం లోపల కూర్చుంది.

39వ నెలలో మామూలు విజిట్. సీటీడీఎన్‌ఏ కనబడలేదు. ఎస్100బీ 0.09. ఎల్‌డీహెచ్ 212. నోట్‌బుక్ నా ముందుంది, ఎప్పట్లాగే అంకెలు చూసి, "అన్నీ బాగున్నాయండీ" అంటూ మూసేయబోయాను. మా జూనియర్ పక్కనుంచి తొంగిచూసి, "సర్, ఈ పేజీ ఇంకెవరైనా రాశారా?" అంది.

మళ్ళీ తెరిచాను. 37వ నెల దాకా ఆ గుండ్రటి రాతే. 38లో అంకెలు గళ్ళు దాటి కిందకి జారుతున్నాయి. 39లో 212లోని రెళ్ళు ఒకట్లలా ఉన్నాయి, తారీఖు సగంలో ఆగిపోయింది. అడిగితే ఆవిడే రాశారు. "కొత్త పెన్ను అనుకుంటానండీ, జారిపోతోంది" అన్నారు. కుడిచెయ్యి చాపి కళ్ళు మూసుకోమంటే చెయ్యి మెల్లగా కిందకి దిగి లోపలికి తిరిగింది.

ఆ సాయంత్రమే ఎంఆర్ఐ. ఎడమ వైపు, చేతి కదలికలు చూసే భాగానికి ఆనుకుని 11 మిల్లీమీటర్ల కణితి, చుట్టూ వాపు. శరీరంలో ఇంకెక్కడా కొత్తది లేదు. స్టెరాయిడ్ మొదలుపెట్టి, ఆ వారంలోనే స్టీరియోటాక్టిక్ రేడియోసర్జరీ, అంటే కణితికే గురిపెట్టి ఇచ్చే రేడియేషన్, ఒక్క సిట్టింగ్, 20 గ్రే మోతాదు. నివోలుమాబ్ కొనసాగించాం. 37వ నెలలో చేసి ఉంటే చిన్నగా దొరికేదా, చెయ్యి ఇబ్బంది లేకుండా పోయేదా అంటే, బహుశా. ఆ మాట ఆవిడకి, వాళ్ళబ్బాయికి ఎదురుగా కూర్చుని చెప్పాను. ఎంఆర్ఐ వదిలేయడానికి ఒప్పుకోవడం నా తప్పేనని కూడా చెప్పాను. అబ్బాయి చాలాసేపు మాట్లాడలేదు. ఆవిడ మాత్రం, "అడిగింది నేనే కదండీ, మార్కులు చెరిసగం" అన్నారు.

ఆశ్చర్యం ఏమిటంటే ఎస్100బీ కూడా పట్టలేదు, మెదడులో పుష్కలంగా ఉండే ప్రోటీనే అయినా. వెనక్కి తిరిగి చూస్తే 0.05 నుంచి 0.06, 0.07, 0.09 అని మెట్లు ఎక్కుతోంది, గీత దాటలేదు కాబట్టి మేం చూడలేదు. అది ఈ కణితి వల్లేనని నేను ఒట్టేసి చెప్పను, అంత చిన్న తేడాలు ల్యాబులో ఒక రోజుకీ ఇంకో రోజుకీ కూడా వస్తాయి.

మా దగ్గర మారినవి కొన్ని. స్టేజ్ 4 మెలనోమా పేషెంటుకి సీటీడీఎన్‌ఏ రిపోర్టు ఏదైనా సరే, మెదడు ఎంఆర్ఐ తేదీ కదలదు. ఇరుకంటే భయమున్నవాళ్ళకి ముందుగానే మత్తుమందు మాట్లాడి పెడతాం, ఆవిడకి ఇప్పుడు అలాగే చేస్తున్నాం, అంత తేలికైన ఉపాయం మొదటే ఎందుకు తట్టలేదో! రిపోర్టులో "కనబడలేదు" అన్నచోట, ఎన్ని మిల్లీలీటర్ల ప్లాస్మాలో కనబడలేదో కూడా అడుగుతున్నాం. ప్రతి విజిట్‌లో పేషెంటు చేత ఒక వాక్యం రాయిస్తున్నాం, ఫైల్లో పెట్టడానికి. న్యూరాలజీ వాళ్ళు నవ్వారు, ఇది మేం ఎప్పటినుంచో చేసేదే అని.

ఆపరేషన్ అయి ఇప్పటికి నాలుగేళ్ళు. మెదడులో ఆ చోట మచ్చ మిగిలింది, చివరి రెండు ఎంఆర్ఐల్లో కదల్లేదు. కాలేయంలో కొత్తవి లేవు. సీటీడీఎన్‌ఏ కనబడటం లేదు. కుడిచేతి పట్టు ముప్పావు వంతు తిరిగొచ్చింది, ఫిజియోథెరపీలో భాగంగా రోజూ రెండు పేజీలు కాపీ రాస్తున్నారు. నోట్‌బుక్‌లో ఇప్పుడు నాలుగో గీత ఉంది, ఆకుపచ్చ పెన్నుతో, నెలకో చుక్క. అది ఏ పరీక్షదని అడిగితే, ఒక నిమిషంలో తప్పు లేకుండా ఎన్ని అంకెలు రాయగలరో అదట. పోయిన నెల 41, ఈ నెల 46.